నాన్నా, పులి!

ముప్పదియారేండ్లు పల్లెబడులలో తెలుగు చెప్పినవాణ్ణి. ఆ కాలంలో "నాన్నా, పులి!" కథను ఎన్నిమార్లు చెప్పి ఉంటానో లెక్కలేదు. తండ్రి చేనిలో ఉంటాడు. గొర్రెలు కాసే కొడుకు వేళాకోళానికి కేక వేస్తాడు. రెండుమార్లు పరుగెత్తుకొచ్చిన తండ్రి మూడవమారు కదలడు. నిజంగా పులి వచ్చింది అప్పుడే. నీతి ఏమిటని అడిగితే తరగతి అంతా ఒక్క గొంతుతో "అబద్ధమాడరాదు" అనేది. నేను తృప్తిగా తలయూపి, తరువాతి పాఠానికి పోయేవాణ్ణి.

ఆ కథకు మరొక పాఠాంతరం ఉండవచ్చునని నాకు ఏనాడూ తోచలేదు. మొదటి కేకకూ, రెండవ కేకకూ కూడా పులి నిజంగానే వచ్చి, తండ్రి అడుగుల చప్పుడు విని పొదలలోనికి పోయి ఉంటే? అడుగుజాడ కూడా మిగల్చకుండా పోయి ఉంటే? ఆ పిల్లవాడు ఏమి చెప్పుకోవాలి? మూడేండ్లుగా నా పరిస్థితి అదే కనుక ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

2022 శ్రావణమాసంలో ఒకనాటి తెల్లవారుజామున మూడున్నరకు మెలకువ వచ్చింది. ఎదురురొమ్ము మీద ఎవరో కాడిమాను అడ్డంగా పెట్టి నొక్కుతున్నట్లున్నది. ఆ నొప్పి కుత్తుక మీదుగా ఎగబ్రాకి రెండు దవడలనూ పట్టుకొన్నది. క్రింది వరుస పండ్లన్నీ ఒక్కుమ్మడిగా పెకలిస్తున్నట్లు అనిపించింది. ఒళ్లంతా చెమట. మాట పెగలలేదు. పడకపట్టెను చేతితో కొట్టి మా ఇంటావిడను లేపాను. ఆమె దీపం వేసి, నా ముఖం చూసి, వాము కషాయం పెట్టడానికి వంటింటిలోనికి పరుగెత్తింది. మా సీమలో రొమ్మునొప్పికి మొదటి పేరు "గ్యాసు". మొదటి మందు వాము, లేకుంటే సోడా. కషాయం కాగేలోగానే, ఎనిమిది నిమిషాలకు, నొప్పి పోయింది. అనంతపురం మీద వాన వెలిసినంత తొందరగా, తడి కూడా మిగల్చకుండా పోయింది.

మా ఊరు కళ్యాణదుర్గం ప్రాంతంలో ఉన్నది. ఏటికి 550 మిల్లీమీటర్ల చుట్టుపట్ల వాన పడే మెరక నేల ఇది. ఇక్కడినుంచి అనంతపురం దాదాపు 60 కిలోమీటర్లు. తెల్లవారి కారు మాట్లాడుకొని పోయాము. ఈసీజీ తీశారు, బాగున్నదన్నారు. గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ చూశారు, అదీ మామూలుగానే ఉన్నది. తరువాతి నెలలలో ఎకో, ట్రెడ్‌మిల్లు, చివరకు యాంజియోగ్రాం. రక్తనాళాలలో చెప్పుకోదగిన అడ్డు లేదు. కడుపు వైద్యుడు గొంతులోనికి గొట్టం వేసి చూసి, పుండు లేదన్నాడు. పంటి వైద్యుడు ఎక్సురే తీసి, పండ్లు దృఢంగా ఉన్నవన్నాడు. ఎవరి అవయవాన్ని వారు నిర్దోషిగా విడిచిపెట్టారు. నొప్పి మాత్రం నెలకు రెండు మూడుమార్లు, అదే జాముకు, వస్తూనే ఉన్నది.

"ఏమీ లేదు" అన్న మాటను నేను అంతకు మునుపు ఇంత శ్రద్ధగా పరిశీలించలేదు. నాళంలో అడ్డు లేదని వైద్యుని తాత్పర్యం. నొప్పే లేదని విన్నవారి తాత్పర్యం. కర్త లోపించిన వాక్యం ఇటువంటి చిక్కులు తెస్తుంది. బెంగుళూరులో ఉన్న మా అబ్బాయి మంచివాడు. మొదటిమారు రాత్రికి రాత్రే బయలుదేరి వచ్చాడు. నాలుగవమారు ఫోనులో "మళ్లీనా నాయనా?" అన్నాడు. అందులో విసుగు లేదు, అలసట ఉన్నది. ఒక చిన్న వైద్యుడు "రిటైరయ్యారు కదా సార్, ఆలోచనలు ఎక్కువై ఉంటాయి" అని నిద్రమాత్రలు వ్రాసి ఇచ్చాడు. ఆ తరువాత నొప్పి వచ్చినప్పుడు నేను ఇంటావిడను లేపలేదు. బయటి అరుగు మీద కూర్చుండి, చుక్కలు మాసిపోయేదాకా దవడ పట్టుకొని ఉన్నాను. సిగ్గు వల్ల అలా చేశాను. ఆ రాత్రి అక్క జ్ఞాపకం వచ్చింది.

మా అక్క నాకంటె పన్నెండేండ్లు పెద్దది. అమ్మ పోయిన తరువాత నన్ను సాకినది ఆమెయే. 1987 కార్తీకంలో శెనక్కాయ కట్టె పీకే పనుల నడుమ ఒకనాడు గట్టున కూలబడి, "ఒరే అబ్బీ, దౌడలు పీక్కపోతాండాయిరా" అన్నది. లవంగం పెట్టుకొమ్మన్నాను. మరునాడూ అదే మాట. ఆమెను టౌనుకు తీసుకొనిపోయి పన్ను పీకించాను. ఆ రోజులలో మా వైపు ఈసీజీ యంత్రం ఉన్న చోటు ఎవరికీ తెలియదు. పుట్టపర్తిలో పెద్ద గుండె ఆసుపత్రి వెలసినది 1991లో. అంతవరకు గుండెజబ్బు అంటే బెంగుళూరో, వేలూరో. ఐనా ఆసుపత్రి లేకపోవడం ఒక్కటే కారణమని నేను తప్పించుకోలేను. పన్ను తీసిన తరువాత కూడా ఆమె "నొప్పి పన్నులో కాదు, ఇంకా లోపల" అని రొమ్ము మీద చేయి వేసి చూపింది. చదువుకొన్నవాణ్ణి నేను, చదువుకోనిది ఆమె. "పుండు మానేదాకా అట్లే ఉంటుందిలే" అని నేను తీర్పు చెప్పాను. మూడవ వారంలో ఒక తెల్లవారుజామున ఆమె లేవలేదు. అది గుండెయే అని నేను నిరూపించలేను, ఎవరూ పరీక్షించలేదు. ఆమె చెప్పినది నేను వినలేదన్నది మాత్రం నిరూపణ అక్కరలేని విషయం.

ఈ జబ్బు పడిన తరువాత దొరికిన పుస్తకమల్లా చదివాను. చరకుడు హృద్రోగాన్ని ఐదు విధాలుగా విభజించాడు. పడమటి వైద్యంలో ఈ నొప్పిని స్పష్టంగా వర్ణించి పేరు పెట్టినవాడు విలియం హెబర్డెన్ అనే ఆంగ్ల వైద్యుడు. 1768లో లండను వైద్యుల సభలో చదివాడు, 1772లో అది అచ్చయింది. ఆయన పెట్టిన పేరు "యాంజినా పెక్టోరిస్". యాంజినా అంటే లాటినులో కుత్తుక నులుముట. ఆ మాటకు మూలమైన ధాతువు నుంచే ఇరుకు, బాధ అనే అర్థాలతో మన సంస్కృతంలోని "అంహస్సు" వచ్చినదని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. అమరకోశంలో ఈ పదం పాపానికి చెప్పిన పేర్లలో ఉన్నది. నొప్పి పడేవాడు ఏ జన్మలోనో పాపం చేసి ఉంటాడనే మన ఊరిమాటకు ఈ రెండర్థాల పొత్తే సాక్ష్యమేమో!

హెబర్డెన్ గ్రంథంలో మరొక లెక్క నన్ను ఆపివేసింది. ఈ రోగంతో తాను చూసిన దాదాపు నూరుమందిలో స్త్రీలు ముగ్గురే అని ఆయన వ్రాశాడు. మిగిలినవారు, ఒక పన్నెండేండ్ల బాలుడు తప్ప, ఏబదికి అటూ ఇటూ ఉన్న పురుషులు. స్త్రీలకు ఈ బాధ నిజంగా అంత అరుదా, లేక వైద్యుని దాకా వచ్చినవారే ముగ్గురా? దవడలో, వెన్నులో, మెడలో నొప్పితో గుండెజబ్బు బయటపడటం స్త్రీలలో ఎక్కువనీ, యాంజియోగ్రాంలో అడ్డు కనబడని గుండెనొప్పి కూడా వారిలోనే ఎక్కువనీ నేటి వైద్యులు చెబుతున్నారు. మా అక్కవంటివారు ఎందరు లవంగం నమలుతూ లెక్కలోనికి రాకుండా పోయారో!

గుండెనొప్పి దవడలో ఎందుకు వస్తుంది? గుండె నుంచి వచ్చే నరాలూ, చేయి, మెడ, దవడల నుంచి వచ్చే నరాలూ వెన్నుపాములోను, మెదడు అడుగుభాగంలోను ఒకే కూడళ్లలో కలుస్తాయి. వార్త ఎవరు పంపారో మెదడు సరిగా పోల్చుకోలేక దవడ అనుకొంటుంది. అలంకారశాస్త్రం చదివినవారికి ఇది కొత్త కాదు. గంగలో పల్లె ఉన్నదంటే గంగ ఒడ్డున అని అర్థం చేసుకొంటాము. ఆ అర్థాన్ని ఇచ్చే శక్తిని లక్షణ అంటాము. విద్యార్థులకు ముప్పదియారేండ్లు లక్షణ బోధించినవాణ్ణి, అక్క దవడ అన్నప్పుడు వాచ్యార్థం దగ్గరే ఆగిపోయాను.

అరుగు మీద తెల్లవార్చిన ఆ రాత్రి మరునాడు ఒక పాత హాజరుపట్టీ తీశాను. నొప్పి వచ్చిన తేదీ, వేళ, అప్పుడు చేస్తున్న పని, ఎన్ని నిమిషాలు, ఎక్కడెక్కడ, దేనివల్ల తగ్గింది అని గళ్లు గీశాను. ఏడెనిమిది నెలలలో ఇరువదిమూడు హాజర్లు పడ్డాయి. పదునేడు తెల్లవారుజాము మూడుకూ ఐదుకూ నడుమవే. పొలం గట్టెక్కుతున్నప్పుడు గానీ, నీళ్లబిందె మోస్తున్నప్పుడు గానీ వచ్చినది ఒక్కటీ లేదు.

ఆ పట్టీ చూసిన మరొక వైద్యుడు మొదటిసారిగా కుర్చీ ముందుకు జరుపుకొని కూర్చున్నాడు. 1959లో మైరన్ ప్రింజ్‌మెటల్ అనే అమెరికా వైద్యుడు తన సహచరులతో కలిసి వర్ణించిన ఒక నొప్పిని గురించి చెప్పాడు. అది శ్రమపడితే కాక విశ్రాంతిలో, తరచు రాత్రి చివరి జాములలో వస్తుంది. గుండె రక్తనాళం కొన్ని నిమిషాలు తనంత తానే ముడుచుకొనిపోయి మళ్లీ విప్పారుతుంది. యాంజియోగ్రాం తీసే వేళకు నాళం తెరుచుకొనే ఉంటుంది కనుక అడ్డు కనబడదు. చెరువుతూమును పగలు చూసి వచ్చినవాడు, రాత్రి దాన్ని ఎవరో మూస్తున్నారా లేదా చెప్పలేడు కదా. ఎసిటైల్‌కోలిన్ అనే మందును నాళంలోనికి పంపి ముడుచుకొంటుందో లేదో చూసే పరీక్ష ఉన్నది గానీ, అది అన్నిచోట్లా చేయరు. యాంజియోగ్రాంకు అందనంత సన్నని నాళాలలోనూ దోషం ఉండవచ్చును. అన్నవాహిక ఈడ్చుకొనిపోయినా ఇదే నొప్పి వచ్చును. నాలుక క్రింద పెట్టుకొనే మాత్రకు అదీ తగ్గును. కాబట్టి మాత్రకు తగ్గినంత మాత్రాన గుండెయే అని నిశ్చయించరాదట.

ఇన్ని "వచ్చును"ల నడుమ ఆయన నాళాలు సడలడానికి ఒక మాత్ర రోజూ వేసుకొమ్మన్నాడు. పొగాకు ఏ రూపంలోనూ తగదన్నాడు. నలుబదియేండ్ల నా నశ్యపు డబ్బీ ఆనాడే ఆసుపత్రి గేటు దగ్గర చెత్తబుట్ట పాలైంది. ఇప్పుడు నొప్పి రెండు నెలలకు ఒకమారు వస్తున్నది. పూర్తిగా పోలేదు. పేరూ ఖాయం కాలేదు. రోగపత్రంలో పేరు ఉండవలసిన చోట ఇంకా ప్రశ్నార్థకమే ఉన్నది.

నాలుక క్రింది మాత్ర గురించి ఒక ముచ్చట. మా నాయన కాలంలో ఈ నేలలో బావి తవ్వాలంటే అడుగున రాతిని తోటాలు పెట్టి పగులగొట్టేవారు. తోటాలలో ఉండిన నైట్రోగ్లిజరిన్‌నే 1879లో విలియం మర్రెల్ అనే వైద్యుడు గుండెనొప్పికి మందుగా వాడి చూపాడు. డైనమైటు కనిపెట్టిన ఆల్‌ఫ్రెడ్ నోబెల్‌కే చివరి రోజులలో వైద్యులు దానిని వ్రాసి ఇచ్చారట. నా చొక్కాజేబులోని మాత్ర దానికి జ్ఞాతియే. బావిలో రాయి పగిలి నీటికి దారి అయ్యేది. ఇక్కడ రొమ్ములో బిగువు సడలుతున్నది.

వైద్యుడు నాకు పెట్టిన నియమం ఇది. నొప్పి రాగానే కూర్చోవాలి, ఎందుకంటే మాత్రకు రక్తపోటు పడి కళ్లు తిరుగుతవి. మాత్ర నాలుక క్రింద పెట్టుకోవాలి. ఐదు నిమిషాలలో తగ్గుముఖం పట్టకుంటే 108కి ఫోను చేయాలి. నిరుడు బాగున్నదన్న కాగితం ఈ రాత్రికి పూచీ కాదు. ఇంటిలోని వారిని తప్పక లేపాలి. ఈ చివరి నియమం మాత్రం మా ఇంటావిడ చేర్చినది. అరుగు సంగతి తెలిసిన నాడు ఆమె కోప్పడలేదు. "నేను లేచినందుకు ఏనాడైనా విసుక్కున్నానా?" అని మాత్రం అడిగింది. నావద్ద జవాబు లేదు.

మొన్న శెనక్కాయలు ఒలవడానికి వచ్చిన ఒక ఆమె దవడ పట్టుకొని కూర్చున్నది. "పన్నుసలుపు సామీ, లవంగముంటే ఈయండి" అన్నది. ఆటో పిలిపించి, మా ఇంటావిడను తోడిచ్చి, ఆసుపత్రికి పంపాను. ఈసీజీ, రక్తపరీక్ష రెండూ బాగున్నాయి. సాయంకాలం తిరిగి వచ్చి, "అయివారు ఊరికే భయపెట్టి నా దినకూలి పోగొట్టినాడు" అని నలుగురి ఎదుట నవ్వింది. కూలి ఇచ్చాను. రేపు మళ్లీ దవడ అంటే మళ్లీ ఆటో పిలుస్తాను.