వాకీటాకీలో విన్న మాట

నేను అయిదో తరగతి దాకానే చదివినాను, అదీ అరవంలో. తెలుగు అక్షరాలు మా నాయన పెద్దబాలశిక్ష పెట్టుకొని ఇంట్లో నేర్పించినాడు. తప్పులుంటే దిద్దుకొని చదవండి.

మనమందరం మిల్లు సంగు వింటూ పెరిగినోళ్ళం. కోయంబత్తూరులో అయినా, మదురైలో హార్వీ మిల్లు పక్కన అయినా అంతే. సంగు కూస్తే ఊరంతటికీ ఒకటే మాట, షిఫ్టు మారిందని. వేళ కాని వేళ కూసిందంటే మంట అంటుకొన్నదని. ఆడోళ్ళు చంటిబిడ్డను చంకనేసుకొని గేటుకు పరుగెత్తేవాళ్ళు. ఒకరికి తెలిసి ఒకరికి తెలియకపోవడమనేది లేదు. నేనిప్పుడు చెప్పబోయేది నేనొక్కణ్ణే చాటుగా విన్న మాట గురించి.

31 ఏండ్లు స్పిన్నింగు ఖాతాలో పని చేసినాను. ఆ ఫ్రేముల రొదలో చెవులు సగం పోయినాయి. ఇది మీలో చాలామందికి చెప్పనక్కర్లేదు, మన ఇండ్లలో టీవీ శబ్దం వీధి చివరికి ఎందుకు వినిపిస్తుందో అందరికీ తెలుసు. మిల్లు మూసినాక, చేతికి వచ్చిన సొమ్ము కూతురు పెండ్లికి అయిపోయినాక, తడాగం పక్క ఒక అరటితోటలో రాత్రి కాపలాకు కుదిరినాను. మోటారు రూము మిద్దె మీద పడక. టార్చి, ఫ్లాస్కులో టీ, అంతే.

తడాగం అంటే మీకు తెలుసు, పడమట కొండ, కొండ దిగితే తోటలు. ఏనుగులకు అరటి అంటే ప్రాణం. 2018 డిసెంబరులో వినాయగన్ అనే మగ ఏనుగును పట్టి ముదుమలైకి పంపినారు. మరుసటి నెల, 2019 జనవరిలో, చిన్నతంబిని పట్టి టాప్‌స్లిప్ దగ్గర వదిలినారు. వాడు అక్కడ నిలవలేదు, నడుచుకొంటా ఉడుమలపేట చెరకుతోటల దాకా వచ్చేసినాడు. ఫిబ్రవరిలో మళ్ళీ పట్టి వరగళియారు శిబిరంలో పెట్టినారు. టీవీలో చూసి మా ఇంట్లో ఆడోళ్ళు ఏడ్చినారు కూడా. ఆ ఇద్దరూ పోతే ఏనుగులు రావడం ఆగిపోతుందా? మా తోటకు మళ్ళీ వచ్చినాయి.

నా మనవడు, కూతురు కొడుకు, ఇంజనీరింగు చదువుతున్నాడు. కాలేజి పనికని ఒక చైనా వాకీటాకీ కొన్నాడు. దాంట్లో ఒక మీట నొక్కితే నంబర్లు వాటంతటవే పరుగెత్తుతాయి. ఎవరైనా మాట్లాడుతుంటే అక్కడ ఠక్కున నిలబడి ఆ మాట వినిపిస్తుంది. ఒకసారి తోటకు వచ్చి, "తాతా, ఫారెస్టోళ్ళు మాట్లాడుకొనేది వినిపిస్తుంది చూడు" అని మీట నొక్కి చూపించినాడు. సెట్టు నా దగ్గరే వదిలి పోయినాడు.

అబ్బా, ఆ మూడు నెలలు! చీకట్లో ఒక్కణ్ణే కూర్చొన్నోడికి తోడు దొరికింది. "బట్టీ వెనకాల మూడు, ఒకటి పిల్ల." "పటాకులు అయిపోయినాయి, ఇంకో పెట్టె పంపండి." "చలి చంపుతుంది, జీపులో టీ ఉందా?" అన్నీ అరవంలోనే. ఒకరు మాట్లాడేటప్పుడు ఇంకొకరు మాట్లాడలేరు, మీట వదిలితేనే అవతలోడి గొంతు వస్తుంది. అందుకే మాటలు తుంపులు తుంపులుగా వస్తాయి. వాచర్లలో చాలామంది కూలికి వచ్చే పిల్లోళ్ళే. ముఖాలు తెలియకపోయినా గొంతులన్నీ గుర్తుపట్టేవాణ్ణి. ఏనుగు మా పక్కకు తిరిగిందని వినిపిస్తే చుట్టుపక్క తోటలకు ఫోను చేసి చెప్పేవాణ్ణి. అందరూ "మామకు ఎట్లా తెలుస్తుందో" అని ఆశ్చర్యపోతుంటే నాకు లోపల గర్వంగానే ఉండేది. దాన్ని దాచడమెందుకు.

మా బావ ఒకడున్నాడు. నాతో పాటే మిల్లులో డాఫింగు చేసినోడు. ఇప్పుడు రెండు ఆవులు పెట్టుకొని, తెల్లవారి నాలుగింటికి మోపెడ్ మీద సొసైటీకి పాలు పోసి వస్తాడు. ఒకరోజు నాలుగున్నరకు సెట్టు గరగరమన్నది. పాలోడు, మోపెడ్, బట్టీ దారి అన్న మాటలు విన్నాను. ఆ తర్వాత ఒక్క మాట, "ఆళు కాలి, పోచ్చు." దాని వెనకే గరగర.

అరవంలో ఆళు కాలి అంటే మనిషి అయిపోయినాడని. మీకు అర్థం చెప్పనక్కర్లేదు.

ఆ దారిన ఆ వేళకు పాలతో పోయేది మా బావ ఒక్కడే. ఫోను చేస్తే ఎత్తలేదు. నేను సైకిలు తీసుకొని నేరుగా వాళ్ళింటికి పోయినాను. అక్క వాకిలి చిమ్ముతా ఉంది. ఏమి చెప్పినానో నాకే గుర్తు లేదు, చెప్పినాను. చీపురు అట్లే పడిపోయింది, అక్కా పడిపోయింది. పది నిమిషాల్లో వీధి వీధంతా వచ్చింది. ఏడుపులు మొదలైనాయి. ఎవరో ముసలమ్మ అక్క తలలో పూలు తీసేయబోయింది కూడా.

అప్పుడు జీపు వచ్చింది. "పాలాయన ఇల్లు ఇదేనా? ఏనుగును చూసి బండి తిప్పబోయి కాలవలో పడినాడు. కాలు విరిగింది, 108లో పెద్దాసుపత్రికి పంపినాము" అన్నాడు వాచరు. ఆ గొంతు నాకు తెలుసు, చలికి టీ అడిగే పిల్లోడు. ఏడుస్తున్న జనాన్ని చూసి, "చచ్చిపోయినాడని మీకు ఎవరు చెప్పినారు?" అన్నాడు. అందరూ నా పక్క చూసినారు.

సెట్టులో వాడు చెప్పింది "ఆళుక్కు కాలు పోచ్చు" అని. మనిషికి కాలు పోయిందని. నా మిల్లు చెవులకు కాలు కాస్తా కాలి అయింది.

ఆ పిల్లోడు నా మీద కేసు పెట్టలేదు. మోటారు రూము దగ్గరకు వచ్చి సెట్టు చూసి, "పెద్దాయనా, మీరు వింటే ఏనుగు ఎక్కడుందో మీకు తెలుస్తుంది, నిజమే. వేటగాడు వింటే మేము ఎక్కడున్నామో వాడికి తెలుస్తుంది" అన్నాడు. ఇది నా బుర్రకు ఎప్పుడూ తట్టలేదు. లైసెన్సు లేకుండా అట్లాంటి సెట్టు పెట్టుకోవడమే తప్పంట, 1933 నాటి వైర్‌లెస్ చట్టం నుంచీ ఉన్నదే. ఆ మాట వింటే మా నాయన గుర్తుకు వచ్చినాడు. ఇంట్లో ఉన్న మర్ఫీ రేడియోకు ఏటా పోస్టాఫీసులో 15 రూపాయలు కట్టి చిన్న పుస్తకంలో స్టాంపు వేయించుకొనేవాడు. పాట వినడానికి కూడా లైసెన్సా అని మేము నవ్వేవాళ్ళం. 1980లలో ఆ లైసెన్సు తీసేసినారు. తీసేసింది రేడియోకే గాని దీనికి కాదు.

మనవడికి అంతా చెప్పినాను. వాడు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఇప్పుడు సర్కారు పరీక్ష రాసి హామ్ రేడియో లైసెన్సు తీసుకోవాలని చదువుతున్నాడు. 12 ఏండ్లు దాటినోళ్ళు ఎవరైనా రాయొచ్చంట. రాజీవ్ గాంధీకి కూడా ఆ లైసెన్సు ఉండేదంట. అది ఉన్నా పోలీసుల మాటలు, ఫారెస్టోళ్ళ మాటలు వినే హక్కు రాదు, వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకోవడానికే. ఏం లాభంరా అంటే ఒక కథ చెప్పినాడు. 2004 డిసెంబరులో భారతీ ప్రసాద్ అనే ఆమె, హైదరాబాదులోని అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున, రేడియో పెట్టెలతో అండమాన్ పోయి పోర్ట్‌బ్లెయిరులో ఉన్నది. 26న సునామీ వచ్చింది. ఫోన్లు పోయినాయి. సరదా మాటలకని తెచ్చిన ఆ రేడియోతోనే, ఫలానా వాళ్ళు క్షేమంగా ఉన్నారని ఊళ్ళకు కబుర్లు అందించినారు. అట్లాంటి కబురు పంపేటప్పుడు విన్నోడు కాగితం మీద రాసుకొని, మళ్ళీ చదివి వినిపించి, అవతలోడు సరే అంటేనే ఇంకొకరికి చెప్పాలంట. నేను మళ్ళీ అడగాలంటే, వినే సెట్టులో అడిగే దారి ఏది? మాట్లాడితే దొరికిపోతాను గదా.

వాల్పారై టీ తోటల్లో వేరే ఏర్పాటు ఉంది. ఏనుగులు దగ్గరలో ఉంటే దారిలో ఎర్ర దీపం వెలిగిస్తారు, జనం ఫోన్లకు కబురు పంపుతారు, కేబులు టీవీలో కింద అక్షరాలు పోతాయి. అది మన సంగు లాంటిది, అందరికీ ఒకేసారి. తడాగానికి అట్లాంటిది ఒకటి కావాలని మా వీధోళ్ళం అర్జీ రాసి ఇచ్చినాము. వేలిముద్రలూ సంతకాలూ కలిపి నలభై దాటినాయి. జవాబు ఇంకా రాలేదు. సంఘం పెద్దలు ఇది చదివితే కొంచెం మాట సాయం చేయండి.

బావ కాలు కుదిరింది, కొంచెం కుంటుతాడు. నన్ను చూస్తే "ఏరా, నేను కాలి అయినానా ఇంకా లేదా?" అని నవ్వుతాడు. అక్క మాత్రం ఏడాది మాట్లాడలేదు. తన పూల మీద చెయ్యి పడిన సంగతి ఆమె మరిచిపోలేదు, మరిచిపొమ్మని నేనెట్లా అడిగేది? మొన్న సంక్రాంతికి వాళ్ళ వాకిట్లో నుంచి పోతుంటే గుమ్మంలో నిలబడి ఏదో అన్నది. నాకు సరిగ్గా వినిపించలేదు. దగ్గరకు పోయి "ఏమన్నావక్కా?" అని అడిగినాను.

"కాఫీ తాగి పో" అన్నది.