నిర్మల్ దారిలో ఒక యుద్ధం లెక్క

సోన్ దగ్గర గోదావరి దాటితే నిర్మల్ నేల మొదలవుతుంది. నిజామాబాద్ వైపు నుంచి వచ్చేవారిని ఊరికంటే ముందు కోటలే పలకరిస్తాయి. శ్యాంగఢ్, బత్తీస్‌గఢ్, గుట్టల మీద గుండ్రటి బురుజులు, వాటి చుట్టూ గొలుసుకట్టుగా చెరువులు. ప్రపంచ యుద్ధాల చరిత్ర మీద మోజున్నవారు ఇటు రారు. కోహిమాకో ఇంఫాల్‌కో పోతారు, స్తోమత ఉంటే సోమ్ నదీ తీరానికి పోతారు. తెలుగు నేల మీద యుద్ధం జాడలు కావాలంటే 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు బాంబులు వేసిన విశాఖపట్నం, కాకినాడ ఉన్నాయి. నిర్మల్ మీద ఏ విమానమూ బాంబు వేయలేదు. అయినా నేను ఇక్కణ్ణుంచే ఆ చరిత్ర చదవాలనుకున్నాను. హైదరాబాద్ పేరుతో విమానాలు, నిజాం పేరుతో ఒక యుద్ధనౌక ప్రపంచ యుద్ధాల్లో పాల్గొన్నాయి. ఆ సంగతి చెప్పేవారంతా ఇచ్చినవారి ఉదారత దగ్గర ఆగిపోతారు. ఆ సొమ్ము ఎవరి చెమటలోంచి వచ్చిందో అడగకపోతే ఆ చరిత్ర సగమే అవుతుందన్నది నా వాదన. మిగతా సగం గోదావరికి ఉత్తరాన ఈ అడవుల దారిలో దొరుకుతుంది.

బురుజు దగ్గర నిలబడి చూస్తే గోడ మందం ముందు ఆశ్చర్యపరుస్తుంది. సున్నంతో అతికిన రాళ్ల వరుసలు, మధ్యలో తుపాకీ గొట్టం పట్టేంత సన్నటి రంధ్రాలు. బయటివైపు చిన్నగా, లోపలికి వచ్చేకొద్దీ వెడల్పుగా ఉంటాయి. లోపలివాడికి గురి దొరకాలి, బయటివాడికి లోపలివాడు దొరకకూడదు. ఫ్రెంచివారి సాయంతో కట్టారని ఇక్కడ చెప్పుకుంటారు. ఈ ఊళ్లో ఒకప్పుడు ఫిరంగులు పోతపోసేవారు. గోదావరికి అవతల కోనసముద్రంలో తయారైన ఉక్కును పారసీక వర్తకులు కత్తుల కోసం వెతుక్కుంటూ వచ్చి కొనుక్కుపోయేవారు. అంటే యుద్ధ సామగ్రిని సొంత చేతులతో తయారుచేసిన ప్రాంతం ఇది. పందొమ్మిదో శతాబ్దం గడిచేకొద్దీ ఆ పని పోయింది, సైన్యాల ఖర్చు మోసే పని మిగిలింది.

ఆ మార్పు ఎలా జరిగిందో తెలియాలంటే ఉత్తరాన పెన్‌గంగ అవతల ఉన్న బేరార్ కథ కావాలి. నిజాం రాజ్యంలో బ్రిటిష్ అధికారుల కింద హైదరాబాద్ కంటింజెంట్ అనే సైన్యం ఉండేది. జీతాలు నిజాం ఇవ్వాలి, ఆజ్ఞలు బ్రిటిష్‌వారివి. జీతాల బాకీ పేరుకుపోయిందని 1853 ఒప్పందంతో బేరార్‌ను కంపెనీ తన చేతికి తీసుకుంది. పత్తి పండే ఆ నల్లరేగడి శిస్తుతోనే ఆ సైన్యం ఏళ్ల తరబడి నడిచింది. 1903లో దాన్ని బ్రిటిష్ ఇండియా సైన్యంలో కలిపేశారు. అందులోని గుర్రపు దళాల్లో ఒకటి 20వ దక్కన్ హార్స్‌గా మారి 1916 జూలై 14న సోమ్ యుద్ధంలో, కందకాల కాలంలో, బల్లేలు పట్టుకుని గోధుమ చేలలో దాడికి దిగింది. ఆ దాడి గురించి పుస్తకాల్లో చాలా రాశారు. ఆ దళాన్ని పోషించిన శిస్తు గురించి మాత్రం రాయరు. నిర్మల్‌కు ఆ కాలం గుర్తు ఇంకో రూపంలో ఉంది. గోండులను, రోహిల్లాలను కూడగట్టి తిరగబడ్డ రాంజీ గోండును 1860లో ఇక్కడే మర్రిచెట్టుకు ఉరితీశారు. ఆయనతోపాటు వెయ్యిమందిని ఉరితీశారని జనం చెప్పుకుంటారు. అందుకే అది వెయ్యి ఉరుల మర్రి అయింది.

ఇక కానుకల సంగతి. మొదటి ప్రపంచ యుద్ధం చివర బ్రిటిష్ వైమానిక దళంలోని 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్-9ఏ బాంబరు విమానాలు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ సొమ్ముతో వచ్చాయి. ఆ దళానికి హైదరాబాద్ పేరు పెట్టారు. అందులో ఒక విమానం ఇప్పటికీ లండన్ శివారు హెండన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో ఉంది. 1918లో నిజాంకు ‘బ్రిటిష్ ప్రభుత్వానికి విశ్వాసపాత్రుడైన మిత్రుడు’ అన్న బిరుదు దక్కింది. రెండో యుద్ధంలోకి బ్రిటన్ దిగిన మర్నాడే, 1939 సెప్టెంబర్ 4న, జర్మన్ నౌకల మీద బ్రిటన్ జరిపిన మొదటి వైమానిక దాడిలో అదే 110వ దళం ఉంది. 1940 వేసవిలో ఇంగ్లండ్ ఆకాశాన్ని కాపాడిన దళాల్లో స్పిట్‌ఫైర్లు నడిపిన 152వది, హరికేన్లు నడిపిన 253వది కూడా హైదరాబాద్ పేరుతోనే ఉన్నాయి. 152వ దళం చిహ్నం మీద నిజాం తలపాగా ఉంటుంది, కింద నినాదంగా ఆ బిరుదులోని మాటే. ఆస్ట్రేలియా నావికులు నడిపిన డిస్ట్రాయర్ ‘నిజాం’ క్రీట్ దగ్గర, టోబ్రుక్ దగ్గర తిరిగి తిరిగి, 1945 సెప్టెంబర్ 2న జపాన్ లొంగుబాటు పత్రం మీద సంతకం చేసిన రోజున టోక్యో అఖాతంలో లంగరు వేసి ఉంది.

ఇదంతా నిజాం సొంత ఆస్తి, ప్రపంచంలో అత్యంత ధనవంతుడు తన జేబులోంచి ఇస్తే రైతును మధ్యలోకి లాగడమెందుకు అని ఎవరైనా అడగవచ్చు. ఆ జేబు ఎక్కడుందో చూస్తే జవాబు దొరుకుతుంది. ఆయన సొంత ఖర్చు కోసం కేటాయించిన సర్ఫ్-ఎ-ఖాస్ రాజ్యంలో దాదాపు పదోవంతు భూమి. వజ్రాలు వారసత్వంగా వచ్చి ఉండవచ్చు కానీ ఏటేటా వచ్చే రాబడి పొలాల్లోంచే వచ్చింది. సర్కారు ఖజానా నుంచి వెళ్లినా, సొంత ఖజానా నుంచి వెళ్లినా కట్టింది రైతే. పేరు మాత్రం ఒక్కరిదే మిగిలింది. సైన్యంలోనూ ఇదే తీరు. కంటింజెంట్ కాల్బలం వారసత్వంతో ఏర్పడ్డ 19వ హైదరాబాద్ రెజిమెంట్ మలయాలో, బర్మాలో పోరాడింది. అప్పటికి అందులో ఉన్నది ఎక్కువగా కుమావోనీలు, జాట్లు, అహీర్లు. బర్మాలో దాని ఒక బెటాలియన్‌ను నడిపిన తిమ్మయ్య కొడగు మనిషి. 1945లో ఆ రెజిమెంట్ పేరే కుమావోన్‌గా మార్చేశారు. పేరు హైదరాబాద్‌ది, మనుషులు ఉత్తరాదివారు. తెలంగాణ పల్లెలు ఆ యుద్ధంలో సిపాయిలుగా కనబడకపోవడానికి అదొక కారణం. కనబడనంత మాత్రాన భారం మోయలేదని కాదు.

నిర్మల్ నుంచి ఆదిలాబాద్ దారి మహబూబ్ ఘాట్ ఎక్కి టేకు అడవుల్లోకి పోతుంది. గుడిహత్నూర్ దగ్గర హైవే వదిలి ఇంద్రవెల్లి, ఉట్నూరు మీదుగా జైనూరు వైపు తిరిగితే నా వాదనకు గట్టి సాక్ష్యం ఎదురవుతుంది. 1940లో, హైదరాబాద్ పేరు మోసిన స్పిట్‌ఫైర్లు ఇంగ్లండ్ దక్షిణ తీరాన్ని కాపాడిన ఆ ఏడాదే, కెరమెరి కొండల్లోని జోడేఘాట్‌లో నిజాం పోలీసులు కొమురం భీంను, ఆయన వెంట ఉన్న గోండులను కాల్చిచంపారు. ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి ఇక్కడ ఆయన వర్ధంతి జరుగుతుంది. వాళ్లు అడిగింది దున్నుకున్న భూమి, పశువుల మేత, పన్నుల బాధ లేని అడవి. యుద్ధానికీ దీనికీ సంబంధం ఏమిటని అడిగితే, భీం తిరుగుబాటు యుద్ధం వల్ల పుట్టలేదని నేనూ ఒప్పుకుంటాను. రిజర్వు అడవి హద్దులు, జంగ్లాత్ (అటవీ శాఖ) వాళ్ల జులుం అంతకు చాలా ముందు నుంచే ఉన్నాయి. కానీ ఒకే ప్రభుత్వం ఒకే ఏడాది దూరదేశపు ప్రజల స్వేచ్ఛకు ఆసరాగా నిలిచి, తన అడవిలో భూమి అడిగినవాళ్ల మీద తుపాకీ పేల్చింది. ఈ రెంటినీ వేర్వేరు పుస్తకాల్లో రాసినంత కాలం ఆ రాజ్యం సైనిక చరిత్ర మనకు అర్థం కాదు.

యుద్ధం ఇక్కడికి నేరుగా నడిచొచ్చిన దారి కూడా ఒకటుంది. అది జైనూరు దగ్గరి మార్లవాయి. మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ వియన్నాలో పుట్టినవాడు. 1938లో జర్మనీ ఆస్ట్రియాను కలిపేసుకోవడంతో ఆయన చేతిలో జర్మన్ పాస్‌పోర్టు మిగిలింది. యుద్ధం మొదలయ్యేసరికి ఆయన భారతదేశంలో ఉన్నాడు. శత్రుదేశస్థుడి కింద లెక్కగట్టి, హైదరాబాద్ రాజ్యం దాటకుండా ఉండనిచ్చారు. అలా చెంచుల దగ్గరికి, కొండరెడ్ల దగ్గరికి వెళ్లాడు. జోడేఘాట్ ఘటన తర్వాత ఆదిలాబాద్ గోండుల పరిస్థితి తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వానికి ఆయన పనికొచ్చాడు. మార్లవాయిలో గోండుల మధ్య కాపురమున్నాడు, వాళ్ల భూముల గోడు నివేదికల్లోకి ఎక్కించాడు. 1943లో అక్కడే గోండి భాషలో చదువు చెప్పే ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది. తర్వాత గోండులకు పట్టాలు వచ్చాయి. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ సమాధి మార్లవాయిలోనే ఉంది, తర్వాత ఆయన అస్థికలనూ తెచ్చి పక్కనే ఉంచారు. యుద్ధం ఒక్కోచోట అనుకోని మేలు చేస్తుందనడానికి దీన్ని వాడుకోకూడదు. భీం ప్రాణం పోయాకే ఆ ప్రభుత్వానికి గోండుల గోడు వినబడింది.

హిట్లర్‌ను ఓడించడం న్యాయమైన పని కదా, దానికి ఇచ్చిన డబ్బును తప్పుపడతారా అన్నది చివరి అభ్యంతరం. తప్పుపట్టను. ఆ విమానాలు ఎగరడం అవసరమే. కానీ న్యాయమైన యుద్ధానికి ఖర్చు పెట్టినవారి పేర్లు రాసుకోవడం కూడా న్యాయంలో భాగమే. పైగా కానుకలతోనే భారం తీరలేదు. యుద్ధకాలంలో సర్కారు లెవీ గల్లా అని ధాన్యం వసూలు చేసింది. దొరలు తమ లెక్క దాచుకుని చిన్న రైతు గరిసెలు ఊడ్పించారు. 1946 నాటికి తెలంగాణ రగలడానికి ఉన్న కారణాల్లో అదీ ఒకటి. నిర్మల్ కోట దగ్గర పర్యాటకుల కోసం బోర్డు పెట్టేటప్పుడు బురుజులు కట్టినవారి పేర్లతోపాటు పెన్‌గంగ అవతలి శిస్తు గురించి, 110, 152, 253 నంబర్ల గురించి, 1940లో జోడేఘాట్‌లో జరిగినదాని గురించి కూడా రాయాలి. హెండన్‌లోని ఆ విమానం పక్కన కూడా ఇదే వివరం ఉండాలని అడిగే హక్కు ఈ జిల్లాలవారికి ఉంది.