మూడవ షరతు

మద్రసాలో ఫిఖహ్ బోధించేవారు చదరంగం ఆడవచ్చునా అని ద్వారకా నగర్‌లో మమ్మల్ని అడగనివారు అరుదు. హనఫీ గ్రంథాలలో ఆ ఆట మక్రూహ్ అనే ఉంది. ఆ అధ్యాయం వచ్చినపుడు అలాగే పాఠం చెబుతాము. మా ఇష్టం కోసం ఒక్క మాట తగ్గించము. అయితే ఇమామ్ షాఫిఈ (రహ్మ) దీనిని అనుమతించారనీ, మన ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) నుండి కూడా అటువంటి ఉల్లేఖనం ఒకటి ఉందనీ ‘దుర్రె ముఖ్తార్’ తెలియజేస్తుంది. అందుకు షరతులు మూడు: పందెం ఉండరాదు, విధులకు భంగం కలుగరాదు, ఆటే నిత్య వ్యాపకం కారాదు. మేము ఆడేది ఆ ఉల్లేఖనం నీడలోనే. ఒప్పుకోని సహాధ్యాపకులున్నారు, వారి మాట తేలికగా తీసివేయదగినది కాదు.

మొదటి షరతు సులభం. పాచికలు లేని ఆట ఇది. పందెం అందులో లేదు, మనిషే బయటినుండి తెస్తాడు. రెండవదానిని అజాన్ చూసుకుంటుంది. ఉక్కు కర్మాగారంలో పనిచేసి విరమించిన పొరుగింటి పెద్దాయనతో అసర్‌కూ మగ్రిబ్‌కూ నడుమ ఆడతాము. డిసెంబరులో విశాఖలో అయిదున్నర వేళకే ప్రొద్దు గుంకుతుంది. ఆట పాకాన పడేసరికి లేవవలసిందే. “మౌల్వీ గారూ, పిలుపు వచ్చింది” అని తరచు ఆయనే ముందుగా అంటారు. తిరిగి వచ్చేసరికి ఒక్క బంటు కదిలి ఉండదు.

కఠినమైనది మూడవ షరతే. వ్యాపకం ఎక్కడ మొదలయిందో చెప్పే అజాన్ లేదు. పదవ శతాబ్దిలో బాగ్దాదు ఆస్థానంలో అస్సూలీ అమర్చిన ఒక చిక్కుముడి వెయ్యేళ్ళు నిలిచి, 1980లలో గాని యూరీ అవెర్బాఖ్ చేతికి చిక్కలేదట. అటువంటి ఆటకు ఒక జీవితం ఏ మూలకు? పంజాబుకు చెందిన మీర్ సుల్తాన్ ఖాన్ దేశవాళీ పద్ధతిలో ఆట నేర్చి, 1929, 1932, 1933లలో బ్రిటిష్ ఛాంపియన్ అయ్యారు, కాపబ్లాంకానే ఓడించారు. తర్వాత స్వదేశం చేరి ఆటకు దూరమయ్యారు. బిడ్డలకు ఇంతకంటే మేలైన పని చూసుకోమన్నారని చెబుతారు. మరణించిన ఎన్నో ఏళ్ళకు, 2024లో, ఫిడే ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది. బిడ్డలతో అన్న ఆ మాటను మేము పూర్తిగా అంగీకరించలేము. కాని అన్నది ఎవరో మరచిపోలేము.

ఇటీవల ఒక తల్లి వచ్చారు. పధ్నాలుగేళ్ళ కుమారుడు రాత్రివేళ ఫోనులో మూడేసి నిమిషాల ఆటలు ఆడి ఫజ్ర్‌కు లేవడం లేదు. “హజ్రత్, ఆట హరామ్ అని మీరు ఒక్కమాట చెప్పండి, చాలు” అన్నారు. చెప్పడం తేలికే. కాని మా ఇంటి బల్లను ఆ పిల్లవాడు చూసి ఉన్నాడు. పైగా దోషం ఆ మూడు నిమిషాలలో ఉంది: ఓడినవాడు మరొకటి ఆడతాడు, గెలిచినవాడూ మరొకటి ఆడతాడు, తెల్లవారుతుంది. ఇషా తర్వాత ఫోను తల్లి దగ్గర ఉండాలనీ, వారానికి రెండు సాయంత్రాలు మా ఇంట బల్లపై ఆడవచ్చుననీ, ఫజ్ర్ తప్పిన నాడు బల్ల తెరవబోమనీ చెప్పాము.

మొదటి వారంలోనే ఒకసారి బల్ల తెరవలేదు. రెండవ వారం అతడు పావులు పేర్చుతూ అడిగాడు: “హజ్రత్, వారానికి రెండు రోజులనేది నాకేనా, మీకు లేదా?”

పెద్దాయనకు ఆ సంగతి చెప్పాము. ఆయన చాలాసేపు నవ్వారు. ఇప్పుడు మిగిలిన సాయంత్రాలు ఆయన పబ్లిక్ లైబ్రరీకి వెళుతున్నారు. మేము పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతున్నాము. మధ్యలో గుర్రం ఏ గడికి వెళ్ళాలో తోస్తూనే ఉంటుంది.