ఎకరాల లెక్కకు అందని పిల్లలు

ఇస్నాపూర్ చౌరస్తా వచ్చేసరికి వ్యానులో కబుర్లు ఆగిపోయాయి. లోపల ఉన్నవాళ్లు హైదరాబాద్‌లో ప్రజారోగ్యం చదువుతున్న పీజీ విద్యార్థులు, ఓ డజను మంది. వాసన దేనిదో తేల్చుకోలేకపోతున్నారు. కుళ్లిన క్యాబేజీ అని ఒకరు, నెయిల్ పాలిష్ అని ఇంకొకరు. “రాత్రికి రండి, ఇంకా మంచిగ తెలుస్తది” అన్నాడు టీ కొట్టాయన, వెటకారమేమీ లేకుండా.

వాళ్లను తీసుకొచ్చిన మేడం పిల్లల డాక్టర్. పర్యావరణ న్యాయం గురించి క్లాసులో చెప్పిందంతా ఇక్కడ ఒకసారి నడిచి చూడాలన్నది ఆమె పట్టు. చూడ్డానికి నేనూ వెంట వెళ్లాను.

ఇందిరాగాంధీ 1980లో మెదక్ నుంచి గెలిచాక ఈ దారి పొడవునా కంపెనీలు ఊపందుకున్నాయి. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, కాజీపల్లి. వాటి మురుగు నక్కవాగులో పడి మంజీరలో కలిసేది. పంటలు పోయిన రైతులను కూడగట్టి పటాన్‌చెరు డాక్టర్ అల్లాని కిషన్‌రావు పోరాడారు. 1990లో సుప్రీంకోర్టులో పడ్డ రిట్ హైకోర్టు మీదుగా హరిత ట్రిబ్యునల్‌కు చేరి, 2017లో తీర్పయింది. రిట్ పడ్డ ఏడాది పుట్టిన బిడ్డకు అప్పటికి ఇరవై ఏడేళ్లు. వ్యానులో అంత వయసు విద్యార్థి ఒక్కరూ లేరు.

వాగు పక్క ఊళ్లో ఒక పెద్దాయన అరుగు మీద కూర్చోబెట్టాడు. “మా పెద్దోడు పుట్టినప్పటి సంది బాయి నీళ్లు తాగుడు బంద్ చేసినం బిడ్డా. పరిహారం ఎకరాల లెక్కన ఇచ్చిండ్రు.”

“భూమి లేనివాళ్లకు తాతా?”

“భూమే లేనోనికి ఏం పోయిందని ఇస్తరు?”

అడిగిన అమ్మాయి చేతిలోని ప్రశ్నావళిలో మొదటి ప్రశ్న, మీకెన్ని ఎకరాలు. మేడం అది చూసి పెన్నుతో కొట్టేసింది. వడ్లు పోతే బస్తాల్లో కొలవొచ్చు, పిల్లల ఒంట్లోకి పోయింది ఎట్లా కొలుస్తారని అడిగింది. కిలో బరువుకు లెక్కేస్తే పసిబిడ్డ పెద్దవాళ్ల కన్నా ఎక్కువ గాలి పీలుస్తుంది, ఎక్కువ నీళ్లు తాగుతుంది. నేల మీద పాకుతుంది, ఆ చేయే నోట్లో పెట్టుకుంటుంది. మింగిన సీసంలో పెద్దల ఒంటికి పట్టేదానికి నాలుగైదు రెట్లు చిన్నపిల్లల ఒంటికి పడుతుంది. ఒకే ఊరి గాలి, ఒకే ఊరి నీళ్లు, మోతాదు మాత్రం ఒకటి కాదు.

1994లో మొదలైన ఉమ్మడి శుద్ధి కేంద్రం గేటు బయట చాలాసేపు నిలబడ్డాం. 2007లో స్వీడన్ పరిశోధకుడు యోకిమ్ లార్సన్ బృందం అచ్చువేసిన ఫలితాలు ఈ నీటివే. సుమారు తొంభై మందుల కంపెనీల వ్యర్థజలం ఇక్కడ శుద్ధయి బయటికొచ్చాక కూడా లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకూ సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. రోజుకు 45 కిలోలు పోతోందని లెక్కగట్టారు. స్వీడన్ దేశమంతా ఐదు రోజులు వాడేంత. మందుకు లొంగని సూక్ష్మజీవులు పెరగడానికి ఇంతకన్నా అనువైన చోటు ఏముంటుంది? వాటికి ఊరి పొలిమేరలు పట్టవు.

తర్వాత ఇక్కడి నీటిని పద్దెనిమిది కిలోమీటర్ల పైపులైనుతో హైదరాబాద్ డ్రైనేజీలో కలిపి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి మళ్లించారు. అక్కడి నుంచి మూసీకి. మంజీరకు ఊరట దొరికింది, నిజమే. మూసీ దిగువన భువనగిరి, నల్లగొండ పల్లెల్లో ఎవరినైనా అడిగి ఈ పైపు వేశారా అన్నాడొక అబ్బాయి. రోజంతా విన్న ప్రశ్నల్లో నాకు బాగా నచ్చింది ఇదే.

2004లో గ్రీన్‌పీస్ ఇక్కడ చేసిన ఆరోగ్య సర్వే కాలుష్యం ఉన్న ఊళ్లను లేని ఊళ్లతో పోల్చింది. ఇప్పుడు అలా పోల్చడానికి కాలుష్యం లేని ఊరు ఏది? విద్యార్థులు మ్యాపు ముందేసుకుని గంటసేపు వాదించుకున్నారు. తేలలేదు. కంపెనీలు మూసేయమనేవాళ్లు కూడా ఈ ఊళ్లలో తక్కువే కనిపించారు. ఇంటికొక కంపెనీ జీతమో, కిరాయికిచ్చిన గదో ఉంది.

ఆ గదుల దగ్గరికి సాయంత్రం వెళ్లాం. పాశమైలారంలోని ఒక కంపెనీలో 2025 జూన్ 30న పేలుడు జరిగి నలభై మందికి పైగా చనిపోయినప్పుడు బయటపడ్డ పేర్లు చాలావరకు వేరే రాష్ట్రాలవాళ్లవే. ఒక గదిలో ఒడిశా తల్లి, రెండేళ్ల పాప. తండ్రి నైట్ షిఫ్టుకు తయారవుతున్నాడు. కంపెనీ బట్టలు ఎక్కడ ఉతుకుతారని మేడం హిందీలో అడిగింది. పాప బట్టలతో కలిపే, ఒకే బకెట్లో. అంగన్‌వాడీకి వెళ్తుందా? అదెక్కడుందో తల్లికి తెలియదు. పాప బరువు చివరిసారి తూచింది సొంతూళ్లోనేనట.

అమ్మాయి ప్రశ్నావళి తిప్పి, కొట్టేసిన మొదటి ప్రశ్న పైన రాసింది: ఇంట్లో ఎవరు ఏ షిఫ్టు, ఆ బట్టలు ఎక్కడ ఉతుకుతారు, బిడ్డ ఎక్కడ పడుకుంటుంది. ఒకే ప్రశ్నలో మూడు అడగకూడదని మేడం దాన్ని మూడు ముక్కలు చేయించింది.