మెరిపించబోయి…

అర్ధరాత్రి దాటాక యూట్యూబ్ ఎవరికి ఏం చూపిస్తుందో దానికే తెలియాలి. నాకైతే తుప్పు చూపించడం మొదలుపెట్టింది.

మీరూ చూసే ఉంటారు ఆ వీడియోలు. మాటలుండవు, పాటలుండవు. రెండు చేతులు ఒక తుప్పుముద్దని తీసుకుని ఇరవై నిమిషాల్లో అద్దంలా చేసి చూపిస్తాయి. అందులో నాకు బాగా ఎక్కినవి అమెరికా వాళ్ల తూటా పనిముట్ల వీడియోలు. అక్కడ పేల్చేసిన ఇత్తడి గుల్లల్ని పారేయకుండా మళ్లీ మందు కూరి, గుండు బిగించి వాడుకుంటారు. దానికి పటకారులాంటి పాతకాలం ఇనుప పనిముట్లుంటాయి. ఐడియల్, లైమన్ అని పేర్లు చెక్కి ఉంటాయి. తాతలు వాడినవాటిని మనవలు బాగుచేసి మళ్లీ రోజువారీ వాడకంలోకి తెస్తారు. మన దగ్గర ఆ సరదా కుదరదు లెండి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తూటాలు చేసే యంత్రం కూడా తూటాల లెక్కలోకే వస్తుంది. లైసెన్సు లేకుండా ఇంట్లో ఉంచుకుంటే రీస్టోర్ అయ్యేది మనమే, అదీ జైల్లో.

కానీ ఆ వీడియోలు చూసీ చూసీ చేతులు దురద పెట్టాయి. మా అటక మీద ఒక గోనె సంచి ఉందని గుర్తొచ్చింది.

మాది రాజాం దగ్గర పల్లెటూరు. 2022 దాకా శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు విజయనగరం జిల్లా. మా తాత వడ్రంగి. నాగళ్లు, బండి చక్రాలు, తలుపులు, మంచాలు, అన్నీ చేసేవాడట. నాగలి బాగుచేస్తే అప్పటికప్పుడు డబ్బులేం ఇచ్చేవాళ్లు కాదు. పంట నూర్చాక ప్రతి రైతూ ఇన్ని ధాన్యం అని కొలిచి ఇచ్చేవాడు. దాన్ని మేర అంటారు. ఊళ్లోకి ట్రాక్టరు వచ్చింది, నాగలి పోయింది, మేరా పోయింది. నాన్న చిన్నప్పుడు తాత పక్కన పనిచేసినా, పెద్దయ్యాక నెల్లిమర్ల వెళ్లి జూట్ మిల్లులో చేరిపోయాడు. నేనేమో ఇంజినీరింగ్ చదివి విశాఖలో కోడ్ రాసుకుంటున్నాను. గోనె సంచి మాత్రం అటక మీదే ఉండిపోయింది.

ఒక శనివారం దించాను. బాడిస, నాలుగు ఉలులు, పళ్లు ఊడిన రంపం, మూలమట్టం, చేతి బరమా, అడుగున చిత్రిక. చిత్రిక అంటే తెలియనివాళ్ల కోసం: చెక్కని పలచగా గీకి నున్నగా చేసేది. తాతది తుమ్మచెక్క దిమ్మ. మధ్యలో ఏటవాలుగా దూర్చిన ఇనుప బ్లేడు, అది కదలకుండా చెక్క చీలిక. బ్లేడు మీద తుప్పు గోకితే ‘షెఫీల్డ్’ అన్న ఇంగ్లిష్ అక్షరాలు కనబడ్డాయి. నాకు ఒళ్లు పులకరించింది. వీడియోకి ఇంతకంటే ఏం కావాలి?

మొదటి పని తుప్పు. ఇది మాత్రం బాగానే చేశాను, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు పోసి బట్టలసోడా కలిపాను. చిన్నాన్న ట్రాక్టరు బ్యాటరీ చార్జరు తెచ్చి, నెగెటివ్ వైరు బ్లేడుకి, పాజిటివ్ వైరు ఒక పాత ఇనుప రేకుకి తగిలించాను. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. స్విచ్ వేస్తే బ్లేడు చుట్టూ సన్నటి బుడగలు. తెల్లారేసరికి తుప్పు నల్లటి మడ్డిలా ఊడిపోయింది. ఆ బుడగలు హైడ్రోజన్, అందుకే ఆరుబయట చెయ్యాలి, దగ్గర్లో అగ్గిపుల్ల గీయకూడదు. రేకు బదులు స్టీలు గరిటె పెట్టొద్దు, స్టెయిన్‌లెస్ స్టీల్లోని క్రోమియం విషంగా మారి నీళ్లలోకి దిగుతుంది. ఇదంతా చూసి అమ్మ, ‘ఇంతోటి దానికి కరెంటేలరా, సింతపండెట్టి తోమితే పోదేటి’ అంది. రెండో ఉలికి చింతపండే పెట్టాను. పోయింది. టైం పట్టింది, అంతే.

ఇక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసం రాసే పనుండేది కాదు.

చెక్క దిమ్మ నల్లగా, జిడ్డుగా ఉంది. ఎడమవైపు పైన ఒకచోట నొక్కుకుపోయి ఉంది. వంకరగా, నున్నగా, చూడ్డానికి దెబ్బ తగిలినట్టు. గరుకు సాండ్‌పేపర్ తీసుకుని నొక్కు పోయేదాకా రుద్దాను. నల్లటి పొర కింద ఎర్రటి తుమ్మచెక్క బయటపడుతుంటే ఎంత ఆనందమో. అడుగు భాగం కూడా చేత్తో రుద్దాను. ఆపైన మూడు కోట్లు వార్నిష్.

బ్లేడుకి పదును పెట్టడానికి రాజాంలో ఒక వెల్డింగ్ షాపుకి తీసుకెళ్లి, అక్కడి గ్రైండర్ మీద నేనే పట్టాను. నిప్పురవ్వలు ఎగురుతున్నాయి, స్లో మోషన్‌లో తీశాను. బ్లేడు అంచు మొదట పసుపు రంగుకి తిరిగింది, తర్వాత ఊదా, తర్వాత నెమలి మెడ లాంటి నీలం. భలే ఉందనుకున్నాను! ఆ నీలం రంగే థంబ్‌నెయిల్‌గా పెట్టి ఇన్‌స్టాలో వదిలాను. ఆఫీసువాళ్లంతా హార్టులు కొట్టారు.

సాయంత్రం నాన్న వచ్చాడు. చిత్రిక అరుగు మీద ఎండలో మెరుస్తోంది.

‘ఏటిరా ఇది, కొత్తది కొన్నావా?’

‘తాతదే నాన్నా.’

నాన్న నమ్మలేదు. చేతిలోకి తీసుకున్నాడు. ఎడమచేతి బొటనవేలు దానంతటదే పైకి వెళ్లి దేనికోసమో వెతికింది. నున్నటి వార్నిష్ మీద జారింది. మళ్లీ వెతికింది.

‘ఇక్కడో నొక్కుండాలి.’

‘దెబ్బ తగిలిందేమో అని పేపర్ కొట్టేశాను.’

‘దెబ్బ కాదురా. మీ తాత ఏలు అది.’

ముప్పై నలభై ఏళ్లు ఒకే వేలు ఒకేచోట నొక్కితే తుమ్మచెక్క కూడా అరిగిపోతుంది. నేను దాన్ని నలభై నిమిషాల్లో తీసేశాను. నాన్న తిట్టలేదు. చిత్రికని జాగ్రత్తగా అరుగు మీద పెట్టి, కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ రాత్రి వీడియో డిలీట్ చేశాను. దాంతో ఏం తిరిగి రాదని తెలుసు, అయినా.

కొన్నాళ్లకి వానలు పడ్డాయి. మా పెరటి తలుపు వేప చెక్కది. ఏటా వానాకాలం నీరు పట్టి ఉబ్బి, గడపకి బిగుసుకుపోతుంది. అమ్మ భుజంతో తోసి తీస్తుంది. సరే, తాత చిత్రికతో గీకేద్దాం అని తలుపు ఊడదీసి మొదలుపెట్టాను. రెండుసార్లు లాగగానే బ్లేడు మొద్దుబారింది. మళ్లీ రాయి మీద పదును పెట్టాను. మళ్లీ రెండుసార్లే. పైగా అడుగు సమంగా లేక ముందుకి తోస్తే ఊయలలా ఊగుతోంది. మెరుపు తప్ప దానికి ఏ పనీ చేతకావడం లేదు. సిగ్గేసింది. షోకేసులో పెట్టుకునే బొమ్మని తయారుచేశాను, అంతే.

అదే నెలలో బొబ్బిలిలో ఒక పెళ్లికి వెళ్లి, పక్కనే గొల్లపల్లి కదా అని వీణలు చేసేచోటికి వెళ్లాను. బొబ్బిలి వీణ పనసచెక్కతో చేస్తారు. ఒకే దుంగలోంచి మొత్తం వీణని తొలిస్తే దాన్ని ఏకాండ వీణ అంటారు. నేను వెళ్లింది వీణ చూడ్డానికి కాదు, ఉలులు చూడ్డానికి. ఒక పెద్దాయన కింద కూర్చుని పనసదుంగని ఉలితో తొలుస్తున్నాడు. పక్కన గుడ్డ మీద పరిచిన పనిముట్లలో ఒక్కటీ మెరవడం లేదు. ఒంటిమీదంతా నలుపు. పిడులు చేతిచెమటకి ముదిరి ఉన్నాయి. కొన్ని ఉలులు అరిగి అరిగి వేలంత అయిపోయాయి. కానీ ప్రతి ఉలికీ చివర వెంట్రుకంత అంచు మాత్రం తెల్లగా వెలుగుతోంది. మెరుపంతా అక్కడే ఉంది, ఆ వెంట్రుకంత మేర.

నా ఫోన్లో బ్లేడు ఫొటో చూపించాను. ఆయన చూసి నవ్వాడు. ‘కాల్చేసినావు బాబూ. కమ్మరోడి దగ్గరికి అట్టుకెల్లు’ అన్నాడు.

మా పక్క ఊళ్లో ఇంకా ఒక కొలిమి ఉంది. కొడవళ్ల సీజన్‌లోనే రాజుకుంటుంది. అక్కడి ముసలి కమ్మరి నీలం రంగు చూడగానే చెప్పాడు: ‘నీలం వొచ్చిందంటే ఇంకది కత్తి కాదు నాయినా, స్ప్రింగు.’

తర్వాత చదివితే ఆ మాట అక్షరాలా నిజం. గట్టిపరిచిన ఉక్కుని మళ్లీ వేడిచేస్తుంటే మెత్తబడుతూ పోతుంది, ఎంత మెత్తబడిందో పైన రంగు చెబుతుంది. దాదాపు 220 డిగ్రీల దగ్గర ఎండుగడ్డి రంగు. పదును నిలబడాల్సిన అంచుకి అదే సరైన చోటు. 300 దగ్గర నీలం. అది వంగి లేచే స్ప్రింగుకి సరిపోయే మెత్తదనం. గ్రైండర్ దగ్గర నేను మురిసిపోయి తీసిన వీడియో నిజానికి బ్లేడు చచ్చిపోతున్న వీడియో. ఇంకో సంగతి, పాత షెఫీల్డ్ బ్లేడంతా గట్టి ఉక్కు కాదు. మెత్తటి ఇనుము మీద పలచటి ఉక్కు పొర అతికించి చేస్తారు. ఆ పొర ఉన్నంతవరకే బ్లేడుకి ఆయుష్షు. అందుకే అరగదీసే ముందు వందసార్లు ఆలోచించాలి.

పానం పెట్టడం అంటే ఏమిటో ఆ రోజు చూశాను. బ్లేడు కొసని బొగ్గుల్లో ఎర్రగా కాల్చాడు. నేను ఇంటి నుంచి తీసుకెళ్లిన అయస్కాంతం పెట్టి చూస్తే అంటుకోలేదు. ఉక్కు సరైన వేడికి వచ్చిందనడానికి అదే గుర్తు. ఆయనకి అయస్కాంతం అక్కర్లేదు, కంటికే తెలుసు. నేను ముచ్చటపడుతుంటే ఊరుకున్నాడంతే. ఎర్రటి కొసని పాత ఇంజిన్ ఆయిల్లో ముంచాడు. బుస్సుమని పొగ. ఇప్పుడది గాజులా గట్టిగా, గాజులాగే పెళుసుగా ఉంటుందట. ఇటుకముక్క మీద రుద్ది కొస తెల్లగా చేసి, వెనకవైపు నుంచి మెల్లగా వేడి పెట్టాడు. రంగు వెనక నుంచి అంచువైపు పాకుతూ వచ్చింది. ఎండుగడ్డి రంగు అంచుని తాకీ తాకగానే చటుక్కున మళ్లీ ముంచేశాడు. ఒక్క క్షణం ఆలస్యమైతే మళ్లీ మొదటికే. నేను ఫోన్ తియ్యలేదు. తియ్యాలని గుర్తే రాలేదు.

ఎంతివ్వమంటావని అడిగితే, ‘తలుపు పట్టుకుపోతే అప్పుడు సూద్దాం’ అన్నాడు. బలవంతంగా చేతిలో పెట్టి వచ్చాను.

ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని రాయి మీద నూనె వేసి పదును పెట్టడం మొదలుపెట్టాను. నాన్న కాసేపు పేపరు చదువుతున్నట్టు నటించాడు. తర్వాత లేచొచ్చాడు.

‘అలగ కాదు. వొంపు మారిపోతంది. మణికట్టు కదపకు, మోచేతులు కదుపు.’

రిటైరయ్యాక నాన్న దేన్నీ ఇంత గట్టిగా చెప్పడం నేను వినలేదు. బ్లేడు తీసుకుని తనే పట్టాడు. అంచు వెనకవైపు వేలితో తడిమితే సన్నటి గరుకు తగిలేదాకా రుద్ది, తిప్పి రెండుసార్లు పడుకోబెట్టి ఆ గరుకు తీసేశాడు. ముంజేతి మీద పెడితే వెంట్రుకలు రాలాయి. చిత్రిక అడుగు సమం చెయ్యడానికి అమ్మ వంటగది గ్రానైట్ గట్టు మీద సాండ్‌పేపర్ పరిచి రుద్దాడు. గ్రానైట్ కంటే సమంగా ఉండేది మనింట్లో ఇంకేదీ ఉండదు. మధ్యమధ్యలో స్టీలు స్కేలు నిలబెట్టి కిందనుంచి వెలుతురు కనబడుతోందా అని చూశాడు. అమ్మ గొణిగింది కానీ గట్టు మీంచి కందిపప్పు డబ్బా తనే తీసింది. నా మూడు కోట్ల వార్నిష్ గాజుపెంకుతో గీకేసి అవిసె నూనె పట్టించాం. (ఆ నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి ఆరేయాలి.) బ్లేడుకి మాత్రం ఆముదం. తాత రోజూ పని అయ్యాక ఆముదపు గుడ్డతో తుడిచేవాడట. మా వైపు సముద్రపు గాలికి రాత్రికి రాత్రే తుప్పు మొదలవుతుంది.

బ్లేడు బిగించడం నాన్న చూపుతో చెయ్యలేదు, చెవితో చేశాడు. సుత్తితో బ్లేడు తలమీద కొడితే కిందికి దిగుతుంది. దిమ్మ వెనక కొడితే పైకి వస్తుంది. టక్, టక్, మళ్లీ టక్. ఆ చప్పుడులో ఏం విన్నాడో, చాలన్నాడు.

తలుపు అడ్డంగా పెట్టి మొదటిసారి తోశాడు. ఉల్లిపొర లాంటి చెక్కపొట్టు చుట్టలు చుట్టుకుంటూ పైకి వచ్చింది. అంత పొడవు పొట్టు, ఎక్కడా తెగలేదు. ఇల్లంతా వేప వాసన. తర్వాత నా చేతికిచ్చాడు. చివరిదాకా తోసేశాను, కొసన చెక్క చిట్లింది. ‘సివరికంటా తోస్తే సిట్లిపోద్ది. ఇటునుంచి సగం, అటునుంచి సగం’ అన్నాడు.

నేను సగం తోశాను. నాన్న అవతలికి వెళ్లి మిగతా సగం తోశాడు. తోస్తున్నప్పుడు గమనించాను, బొటనవేలు ఇంకా ఆ చోటుకే వెళ్తోంది, ఏమీ లేని చోటుకి.

‘సారీ నాన్నా’ అన్నాను. ఇన్నాళ్లకి అనగలిగాను.

‘ఒగ్గేయెహె’ అన్నాడు తల ఎత్తకుండా. ‘పట్టుకో అటేపు. కింద ఇంకా తగుల్తంది.’