కణుపు కణుపుకీ వేరు

ఉత్తరాంధ్ర కథల మీద ఏ సమీక్ష తెరిచినా 'వేళ్లు' అన్న మాట తగలాల్సిందే. ఊరొదిలి పోయిన ప్రతివాడూ వేళ్లు తెంచుకున్నవాడే. చదివీ చదివీ నాకు మొహం మొత్తింది.

మా అప్ప ఇంటర్ బైపీసీ పుస్తకంలో ఇంకో మాట ఉండేది: ఉపవాయుగత కాండం. నోరు తిరగదు గానీ విషయం తేలిక. కాండం నేల మీద పాకుతూ, కణుపు కణుపు దగ్గరా కిందికి వేరూ పైకి చిగురూ వేస్తుంది. రన్నర్, స్టోలన్ అంటారే, అవి. గరిక, సరస్వతి ఆకు, చెరువులో గుర్రపుడెక్క అన్నీ ఈ బాపతే. గరికకి అమరకోశం చెప్పిన పేర్లలో 'శతపర్విక' ఒకటి, అంటే నూరు కణుపులది. బోటనీ క్లాసుకి ఎంతో ముందే ఎవరో వంగి చూశారన్నమాట!

నాకైతే బారువ తీరంలో బాలబంద తీగే గుర్తొస్తుంది. మేక గిట్టలా చీలిన ఆకు, ఊదారంగు పువ్వు. ఇసక వచ్చి కప్పేస్తే, కప్పడిన కణుపులోంచే వేరు తొడుగుతుంది.

కొబ్బరి అలా కాదు. పెరిగే మొన తలలో ఒక్కటే, మొవ్వు పోతే చెట్టు పోయినట్టే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో లక్షల కొబ్బరిచెట్లు పడిపోయాయి. మా తోటలో సగం పోయింది. నాన్న కదల్లేదు. నేను గచ్చిబౌలిలో, అప్ప మస్కట్‌లో, చిన్నాన్న కొడుకు చెన్నైలో సెంట్రింగ్ పనిలో.

రన్నర్ మీద పుట్టిన పిల్లమొక్కకి సొంత వేరు నిలదొక్కుకునేదాకా నీరూ చక్కెరా తల్లి నుంచే, ఆ తీగలోంచే వస్తాయి. హైదరాబాద్‌లో నా మొదటి ఆర్నెల్ల అద్దె కొబ్బరికాయల డబ్బే. కొన్ని జాతుల్లో అవసరాన్ని బట్టి ప్రవాహం వెనక్కీ నడుస్తుందట, మా ఫోన్‌పేలాగే. తర్వాత మధ్య ముక్క ఎండిపోయినా రెండు మొక్కలూ బతుకుతాయి.

పోలిక ఇక్కడిదాకా బాగానే పాకింది. కానీ పిల్లమొక్క తల్లికి అచ్చు నకలు, క్లోన్. మా పాప అలా కాదు. తాత "ఏటే గుంటా" అంటే నవ్వుతుంది, అర్థమేంటని నన్నడుగుతుంది.

మొన్న నాన్న ఫోన్ చేశాడు. "తోటకి బేరమొచ్చింది. ఏటంతావు?"

"అమ్మొద్దు నాన్నా. పడినచోట మళ్లీ మొక్కలేయించు, డబ్బులు నేను పంపుతాను."

"డబ్బు సరేరా. నీరెవుడు పోస్తాడు?"