ఏడవని బిడ్డ

పురిటి బిడ్డని చూడ్డానికి ఏ ఇంటికి వెళ్ళినా ఒక మెచ్చుకోలు వినిపిస్తూ ఉంటుంది. "ఎంత బుద్ధిమంతుడో చూడండి, పుట్టిన దగ్గర్నుంచి ఏడుపే లేదు, పడుకోబెడితే పడుకున్నట్టే ఉంటాడు" అని. ఆ మాట వింటే మీకెలా ఉంటుందో గానీ నాకు మాత్రం గుండెల్లో రాయి పడుతుంది.

మన ఇళ్ళల్లో జబ్బంటే గోల కదండీ. రెండేళ్ళ పిల్లకి జ్వరమొస్తే ఇల్లంతా తెలిసిపోతుంది. వారం రోజుల పసిగుడ్డుకి ఒంట్లో బాగోకపోతే అలా కాదు. చాలాసార్లు జ్వరం కూడా రాదు, ఒళ్ళు చల్లబడుతుంది. పాలు మానేస్తాడు. మెత్తబడిపోతాడు. మనం చూసి హాయిగా నిద్రపోతున్నాడనుకుంటాం.

మా చెల్లెలిది రేపల్లె. దాని కూతురు, అల్లుడు బాపట్లలో ఉంటారు. పిల్లని పురిటికి తీసుకురావడానికి మంచి రోజు చూసుకునేలోపే, 37 వారాలకే నొప్పులొచ్చి అక్కడే కాన్పయింది. మామూలు కాన్పే. బాబు 2.7 కిలోలు. మూడో రోజు ఇంటికి పంపేశారు. చీటీలో తల్లికి ఐరన్ మాత్రలు, కాల్షియం రాశారు. పిల్లాడి గురించి మాత్రం ఆరో వారం టీకాలకి రమ్మని తప్ప ఒక్క ముక్క లేదు. ఆ చీటీ మీద నాకింకా కోపమే.

ఐదో రోజు మధ్యాహ్నం పథ్యం కారం, వెల్లుల్లిపాయలు, పాత చీరలు సంచిలో పెట్టుకుని తెనాలిలో రేపల్లె బండెక్కాను. వెళ్ళేసరికి గది తలుపులు, కిటికీలు అన్నీ మూసి, సాంబ్రాణి పొగ. మా చెల్లెలి అత్తగారు నన్ను చూడగానే అదే మాట, "ఏడుపన్నదే ఎరగడమ్మా మా మునిమనవడు" అని.

"ఎన్నిసార్లు తాగాడే?" అన్నాను పిల్లతో.

"లేపితే రెండు గుక్కలు తాగి మళ్ళీ పడుకుంటున్నాడు పెద్దమ్మా. పొద్దుట్నుంచి మూడుసార్లు తాగాడేమో."

"గుడ్డలు?"

"ఒక్కటే తడిపాడు."

ఐదో రోజుకి రోజు మొత్తంలో ఎనిమిది నుంచి పన్నెండుసార్లు పాలు తాగాలి, కనీసం ఆరు గుడ్డలు తడపాలి. బల్బు వెలుతురులో ఏ రంగూ తెలియదని కిటికీ తలుపులు తీయించాను. ముక్కు మీద వేలితో మెల్లగా నొక్కి వదిలితే నొక్కిన చోట చర్మం పసుపుపచ్చగా కనిపించింది. అరికాళ్ళు చూశాను. అవీ పచ్చగానే ఉన్నాయి.

"పసికర్లు అందరికీ వచ్చేవేనమ్మా, రెండు రోజులు పొద్దుటెండ చూపిస్తే పోతాయి" అన్నారు పెద్దావిడ. ఆవిడ మాటలో తప్పేం లేదు. నెలలు నిండి పుట్టిన పిల్లల్లో కూడా పదిమందిలో ఆరుగురికి వస్తాయి. రెండో రోజో మూడో రోజో మొదలై, వారం పది రోజుల్లో వాటంతటవే పోతాయి. కానీ పుట్టిన 24 గంటల్లోపే పచ్చబడినా, పసుపు అరచేతులకి, అరికాళ్ళకి దిగినా, పిల్లాడు పాలు మానేసి మత్తుగా ఉన్నా అవి ఎండతో పోయే రకం కాదు. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, దొడ్డికి సున్నంలా తెల్లగా వెళ్తుంటే అది ఇంకో రకం జబ్బు. దానికీ ఆలస్యం పనికిరాదు.

పాలు తక్కువ తాగితే దొడ్డికి తక్కువ వెళ్తాడు, దాంతో ఒంట్లో పసుపు బయటికి పోదు. పసుపు పెరిగితే మత్తు, మత్తుకి పాలు ఇంకా తగ్గుతాయి. ఇదంతా చప్పుడు లేకుండానే జరిగిపోతుంది. ఆ పసుపు మరీ ముదిరితే మెదడుకి చేరుతుంది. చెవుడు రావచ్చు, ఎప్పటికీ తీరని అవిటితనం రావచ్చు. వాడిలా 37 వారాలకే పుట్టిన వాళ్ళు చూడ్డానికి నిండుగానే ఉంటారు గానీ నిద్రమొహాలు, పాలు గట్టిగా లాగలేరు. కామెర్లు కూడా వీళ్ళకే ఎక్కువ.

"అత్తయ్యగారూ, ఎండ రేపు చూపిద్దాం, ఈ పూట డాక్టరుకి చూపిద్దాం" అన్నాను. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, "దిష్టి తీసి పంపిస్తానుండు" అన్నారు. తీయనిచ్చాను. ఒక్క నిమిషం పని, దానికి పేచీ ఎందుకు.

2022 ఏప్రిల్ 4 నుంచి రేపల్లె బాపట్ల జిల్లాలోకి పోయింది గానీ ఒంట్లో బాగోకపోతే మా వాళ్ళ కాళ్ళు తెనాలి వైపే నడుస్తాయి. పక్కింటి వాళ్ళ కారు దొరికింది. పిల్లాడి బట్టలు విప్పి తల్లి గుండెకి ఆనించి, పైన చీర కప్పించాను. ఒంటికి ఒళ్ళు తగిలితే వెచ్చగా ఉంటుంది. భట్టిప్రోలు దాటాం, వేమూరు దాటాం. దారిపొడుగునా అరికాలు గిల్లుతూ తాగించాలని చూశాం. రెండు గుక్కలకి మించలేదు.

రక్తపరీక్షలో 19 వచ్చింది. బరువు 2.4కి పడిపోయాడు. తల్లిది ఓ గ్రూపు, వాడిది బి. అదీ ఒక కారణమన్నారు. కళ్ళకి గంతలు కట్టి నీలం దీపం కింద పడుకోబెట్టారు. పాలు పిండి గిన్నెతో పట్టించారు. రెండో రాత్రి రెండు గంటలకి వార్డంతా లేచేలా ఏడ్చాడండీ. మా చెల్లెలు ఫోన్‌లో ఆ ఏడుపు వాళ్ళత్తగారికి వినిపించింది.

పెద్దావిడ ఎండ మాట కూడా ఉత్తదే కాదు. 1956లో ఇంగ్లండులో రోచ్‌ఫోర్డ్ ఆసుపత్రిలో వార్డ్ అనే నర్సు పసిపిల్లల్ని ఆరుబయట ఎండకి తిప్పుతుండేది. ఒక బిడ్డకి ఎండ తగిలిన చోట పసుపు విరిగి, దుప్పటి కప్పిన చోట అలాగే ఉండిపోవడం డాక్టర్లకి చూపించింది. దాని వెంట పడి క్రీమర్ అనే డాక్టరు, ఇంకొందరు 1958లో ఈ దీపాల వైద్యం గురించి లాన్సెట్ పత్రికలో రాశారు. అంటే దీపం ఎండలోంచి పుట్టిందే. కాకపోతే కిటికీలోంచి పడే కాస్త వెలుతురు దీపంతో సమానం కాదు, బట్టలు విప్పి బయట ఉంచితే బిడ్డ చల్లబడిపోతాడు.

తమాషా ఏమిటంటే, మనం కంగారు పడేవి వేరు. చర్మం పొట్టు రాలడం, వెక్కిళ్ళు, తుమ్ములు, పాలు కాస్త కక్కడం, ఆడపిల్లకి నాలుగో రోజున గుడ్డకి కాస్త ఎర్ర మరక, రొమ్ములు కాస్త ఉబ్బడం, ఇవన్నీ మామూలే. దయచేసి ఆ రొమ్ములు పిండకండి, చీము పడుతుంది. బొడ్డు మీద పసుపు, ఆముదం, పౌడరు ఏమీ వద్దు. బొడ్డు చుట్టూ ఎర్రబడినా, చీము కారినా అప్పుడు పరుగెత్తాలి. నిమిషానికి 60 సార్లకి పైగా ఊపిరి పీలుస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, మూలుగుతున్నా, కాళ్ళూ చేతులూ కొట్టుకున్నా, పెదాలు నీలంగా మారినా, ఒళ్ళు 99.5 డిగ్రీలు దాటినా, వెచ్చగా చుట్టాక కూడా 97 కంటే తక్కువే ఉన్నా తెల్లారేదాకా ఆగకండి. అర్ధరాత్రయినా 108 వస్తుంది. ప్రభుత్వాసుపత్రిలో పసిబిడ్డకి వైద్యం, మందులు, రానూపోనూ బండి అన్నీ ఉచితమే.

ఆసుపత్రిలో పురుడైనా సరే, ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి. మా వాడికి పద్నాలుగో రోజున వచ్చి తూస్తే 2.85 ఉన్నాడు. "పురిటిల్లు, లోపలికి రాకూడదు" అని గుమ్మంలోంచే పంపించేసే ఇళ్ళు ఇంకా ఉన్నాయట, ఆ అమ్మాయే చెప్పింది. లోపలికి పిలవండి. పొట్ట కదలికలు చూస్తూ నిమిషం నిండా ఊపిరి ఎలా లెక్కపెడుతుందో పక్కన కూర్చుని నేర్చుకోండి. మా పెద్దావిడ ఎనభై ఏళ్ళ వయసులో నేర్చుకున్నారు. కళ్ళజోడు పెట్టుకుని, గోడ గడియారం వంక చూస్తూ, పైకి అంకెలు చదువుతూ.